ఆర్‌ఎక్స్ 100కి వేరే బండి స్వింగార్మ్ ఎక్కించిన కథ

యమహా ఆర్‌ఎక్స్ 100 వెనక భాగం ఊగుతోందంటే మెకానిక్కులు ముందు టైరును అనుమానిస్తారు. తర్వాత చక్రం బేరింగులు, ఆ తర్వాత శాక్‌లు (కుదుపుని తట్టుకునే షాక్ అబ్జార్బర్లు). మా బండికి అవన్నీ మార్పించాం. అయినా మలుపులో యాక్సిలరేటర్ వదిలితే చాలు, తోక ఆడించేది. తిన్నగా పోతున్నంతసేపూ ఏ గొడవా లేదు. టైరు మాత్రం ఒక పక్కే అరిగేది, చైన్ ఎంత బిగించినా కొన్నాళ్లకే మళ్లీ టకటకలాడేది.

ఇలాంటి లక్షణాలుంటే చూడాల్సింది స్వింగార్మ్ పివట్‌ని. స్వింగార్మ్ అంటే వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే రెండు కాళ్ల చట్రం, అది ఫ్రేముకి బిగిసి పైకీ కిందికీ ఊగే చోటే పివట్. సెంటర్ స్టాండ్ వేసి, ఒక చేత్తో ఫ్రేమును గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఆర్మ్ చివరను అటూ ఇటూ తొయ్యాలి. చక్రాన్ని పట్టుకుని తొయ్యకూడదు. చక్రం పట్టుకుంటే బేరింగుల లూజు, పివట్ లూజు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. మా బండిలో ఆర్మ్ పట్టుకుని తోస్తేనే 'టక్కు'మనేది. అంటే పివట్ లోపలి తొడుగులు, అదే బుష్‌లు, పోయాయన్నమాట.

బుష్‌లే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ బండి మా నాన్నగారు 1993లో కొన్నది. మాది బందరు. ఉప్పు గాలి ఒకటి, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగిన ఏళ్లు ఇంకొకటి. చైన్ కవర్ తీసి మడ్డి గోకేసరికి ఆర్మ్ ఎడమ కాలు గొట్టం కింది భాగంలో రంగు పెచ్చులుగా లేచింది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోయింది. గొట్టం లోపల చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేక లోపల్నించే తినేశాయి. తుప్పు పట్టిన గొట్టం మీద ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ అతుకు పక్కనే మళ్లీ చిరుగుతుంది. వెనక చక్రాన్ని మొత్తం మోసే భాగంతో అలాంటి బేరం పెట్టుకోదలచుకోలేదు.

ఆర్‌ఎక్స్ 100ని ఎస్కార్ట్స్ వాళ్లు 1985 నుంచి 1996 దాకా తయారు చేశారు. ఆ తర్వాత ఇన్నేళ్లకి కొత్త ఒరిజినల్ ఆర్మ్ అంటే దేవుడి దయ. సెకండ్‌హ్యాండ్‌వి ఉన్నాయి, కానీ ఈ బండి మీద ఈమధ్య పుట్టిన పిచ్చికి తగ్గట్టే ధరలు చెబుతున్నారు. పైగా అవీ మా దాని ఈడువే, లోపల ఏముందో పైకి తెలియదు. కొత్తగా దొరికే నకలు ఆర్మ్ ఒకటి చేతిలోకి తీసుకుని చూశా. రంగు నిగనిగలాడుతోంది. చదునైన గాజు బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఆడుతోంది. పివట్ గొట్టానికీ ఇరుసుకీ పొత్తు లేని ఆర్మ్ ఎంత కొత్తదైతే ఏం?

అప్పుడే మా మెకానిక్ బాబాయ్ అన్నాడు, "ఇప్పటి బళ్ల చిమ్టా ఏదైనా ఎక్కిద్దాం రా అబ్బాయ్, బాక్స్ పైపుది. గట్టిగా ఉంటది" అని. చిమ్టా అంటే స్వింగార్మే, బాక్స్ పైపంటే నలుపలకల గొట్టం. గట్టిగా ఉంటుందనే మాట నిజమే. ఏ విషయంలో గట్టో తెలుసుకుంటే తర్వాత పని చెడదు.

రెండు శాక్‌ల బండిలో ఆర్మ్‌కి మూడు ఆధారాలు: ముందు పివట్, వెనక ఇరుసు, మధ్యలో శాక్ కింది మౌంటు. ఒంచే బలం అన్నిటికన్నా ఎక్కువ పడేది ఆ మౌంటు దగ్గర. మౌంటు ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే ఒంపు అంత తగ్గుతుంది. 100 కేజీల పాత బండికి సన్నటి గుండ్రటి గొట్టం సరిపోయింది అందుకే, శాక్ దాదాపు ఇరుసు నెత్తిన కూర్చుంటుంది కాబట్టి. ఒకే శాక్‌ని ముందుకు జరిపిన బళ్లకి ఆర్మ్ అంత లావుగా ఉండటానికీ ఇదే కారణం. కాబట్టి బాక్స్ పైపు వల్ల మనకు వచ్చే లాభం పైకీ కిందికీ బరువు మోయడంలో పెద్దగా లేదు. మెలి తిరగకుండా, పక్కకు ఒంగకుండా నిలబడటంలో ఉంది. మలుపులో తోక ఆడే జబ్బుకి కావాల్సింది ఆ గుణమే.

ఏ బండి ఆర్మ్ తెచ్చావని అందరూ అడుగుతారు. 2000 తర్వాత వచ్చిన ఒక 150 సీసీ బండిది. పేరు కావాలనే రాయడం లేదు. మన దగ్గర ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్మిన బండికి మధ్యలో ఆర్మ్ మారుతుంది, పొడవు మారుతుంది, శాక్ మౌంటు మారుతుంది. పేరు చూసి కొన్నవాడు ఇంటికొచ్చి తల పట్టుకుంటాడు. పాత ఆర్మ్‌ని పట్టుకెళ్లి కొలిచి కొనుక్కోవడమే మార్గం. నేను మా ఆర్మ్‌ని, పివట్ బోల్టుని, ఇరుసుని గోనెసంచిలో చుట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లా. అక్కడ తుక్కు బళ్లు విప్పే కొట్లలో ఆర్మ్‌లు మేకులకి వేలాడుతూ ఉంటాయి. కొట్టు కుర్రాడు ముందు ఒకదాన్ని తీసి "ఇది సూపరుగా సరిపోద్దన్నా" అన్నాడు. పక్కపక్కన పెడితే అది రెండంగుళాలు పొడుగు.

పొడుగైతే నష్టమేమిటంటే, వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, మారిపోతుంది. ఆర్‌ఎక్స్ 100 వీల్‌బేస్ 1240 మిల్లీమీటర్లు. ఆ చురుకుదనం, ముందు చక్రం ఇట్టే లేవడం, సందుల్లో గిర్రున తిరగడం, వీటిలో ఆ పొట్టితనం పాలు చాలా ఉంది. రెండంగుళాలంటే 50 మిల్లీమీటర్లు, బండి నడకే మారిపోతుంది. పైగా వీల్‌బేస్ అంకె ఆర్‌సీలో అచ్చయి ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతా. అందుకని నా షరతు ఒకటే: పివట్ నుంచి కొలిస్తే పాత బండిలో ఇరుసు నిలిచే చోటు, కొత్త ఆర్మ్ ఇరుసు గాడి లోపల ఎక్కడో ఒకచోట పడాలి. గాడి ముందు కొసకి దగ్గరగా పడినా ఫరవాలేదు. అలాంటిది దొరికేదాకా కొట్లు తిరిగా. దొరికిన దాన్ని కూడా చదునైన ఇనప పలక మీద పెట్టి, పివట్‌లో ఒక కడ్డీ, ఇరుసు గాడిలో ఒక కడ్డీ దూర్చి, రెండిటి మధ్య దూరం కుడివైపూ ఎడమవైపూ టేపుతో కొలిచాకే డబ్బులిచ్చా. యాక్సిడెంట్ బండి ఆర్మ్ అయితే అక్కడే బయటపడుతుంది.

పాత పివట్ బోల్టు ఊడదీయడం మాత్రం గొప్ప యజ్ఞం. తుప్పుకి బోల్టూ, దాని చుట్టూ ఉండే గొట్టం లాంటి స్లీవూ ఒక్కటైపోయాయి. కిరసనాయిలు పోస్తూ, వేడి చేస్తూ, నట్టు కొసదాకా ఎక్కించి దాని మీద రాగి ముక్క అడ్డం పెట్టి కొట్టాం. మర పాడవకుండా బోల్టు బయటికొచ్చింది. సైలెన్సర్ కుడివైపు అడ్డం కాబట్టి అది ముందే తీసేయాలి, లేకపోతే బోల్టు లాగడానికి చోటుండదు.

కొత్త ఆర్మ్ పివట్ గొట్టం మా ఫ్రేము సందుకన్నా కాస్త వెడల్పు. దాని బోల్టు కూడా మా బోల్టు కన్నా లావు. బాబాయ్‌కి ఒకటే తొందర.

"ఫ్రేము బెజ్జం పెద్దది చేసి దాని బోల్టే ఎక్కిస్తే పోలా?"

"ఫ్రేము ముట్టుకోవద్దు బాబాయ్. ఏం కోసినా కొత్తదాన్నే కొయ్యాలి."

ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉన్నా. ఆర్మ్ పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఫ్రేము మీద ఛాసిస్ నంబరుంది, ఆ ఫ్రేమే బండి. రేపు మంచి ఒరిజినల్ ఆర్మ్ దొరికితే పాత బోల్టుతో అలాగే ఎక్కాలి.

లేత్ పని ఆటోనగర్‌లోనే ఒక పెద్దాయన దగ్గర చేయించా. పివట్ గొట్టం రెండు కొసలా ఫేసింగ్ చేసి (చదునుగా కోసి) సందులో పట్టేలా చేశాడు. ఆర్మ్ లోపల ఫాస్ఫర్ బ్రాంజ్ బుష్‌లు బిగువుగా నొక్కి, వాటి లోపల మా బోల్టు సైజుకి ఉక్కు స్లీవ్ తిప్పించా. ఇక్కడ చాలామంది తప్పే చోటు ఒకటుంది. స్లీవ్ పొడవు, ఆర్మ్ మొత్తం వెడల్పు కన్నా పదో వంతు మిల్లీమీటరు, రెండు పదో వంతులు ఎక్కువ ఉండాలి. అప్పుడు నట్టు ఎంత బిగించినా ఫ్రేము రెండు వైపులా నొక్కేది స్లీవ్‌ని. స్లీవ్ ఫ్రేముతో కలిసి కదలకుండా ఉండిపోతుంది, దాని చుట్టూ బుష్ స్వేచ్ఛగా తిరుగుతుంది. స్లీవ్ పొట్టిదైతే నట్టు బిగించగానే ఆర్మ్ పట్టేస్తుంది. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? నట్టు కాస్త వదులు చేస్తాడు. వెనక చక్రాన్ని పట్టుకున్న బోల్టు వదులుగా ఉన్న బండి మీద మనం ఊరేగుతాం. మేస్త్రీ గారికి నేను చెప్పబోతుంటే ఆయనే, "స్లీవు రవ్వంత బయటికి ఉంచుతున్నానండీ, మీరు మళ్లీ అరగదీయించకండి" అన్నాడు. అక్కడితో నాకు ధైర్యం వచ్చింది. బిగించాక శాక్‌లు లేకుండా ఆర్మ్‌ని పైకెత్తి వదిలితే తన బరువుకి తాను మెల్లగా దిగాలి, పక్కకి మాత్రం వీసమెత్తు కదలకూడదు. అలాగే దిగింది.

ఇక అసలు పని, గీత కుదర్చడం. ఇంజన్ మాది, ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మాది, చక్రం హబ్బుతో సహా మాది. అంటే వెనక స్ప్రాకెట్‌ని ముందు స్ప్రాకెట్ గీతకి తెస్తే చక్రం తనంతట తానే బండి నడిమధ్యకి వస్తుంది, ఎందుకంటే ఆ రెండిటి పొత్తు ఫ్యాక్టరీలోనే కుదిర్చి ఉంది. కొత్త ఆర్మ్ కాళ్లు బండి మధ్యకి సరిసమానంగా ఉన్నాయా లేదా అన్నది అప్పుడు అనవసరం. కాలికీ హబ్బుకీ మధ్య మిగిలిన సందుని ఎడమ ఎంతో, కుడి ఎంతో వేరువేరుగా కొలిచి, ఆ సందు పూడ్చే గొట్టం ముక్కలు, అంటే స్పేసర్లు, రెండు తిప్పించుకోవడమే. చాలామంది చక్రాన్ని ఆర్మ్ మధ్యలో పెట్టి స్పేసర్లు కొలుస్తారు, తర్వాత చైన్ వంకర పోయిందని స్ప్రాకెట్ వెనక వాచర్లు పెడతారు. అది తోక పట్టుకుని ఆవుని నడిపించడం.

వెనక స్ప్రాకెట్ ముఖానికి నిటారైన అల్యూమినియం పట్టీ ఆనించి ముందు స్ప్రాకెట్ దాకా చూశాం. ఆ తర్వాత సరిచూసుకోవడానికి దారం. వెనక టైరు వెనకనుంచి రెండు పక్కలా దారం లాగి ముందు చక్రం దాటించి కట్టాలి. మా బండికి వెనక 2.75, ముందు 2.50 అంగుళాల టైర్లు. పావు అంగుళం తేడా అంటే ముందు టైరు దగ్గర ఒక్కో పక్కన సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ కనిపించాలి, రెండు పక్కలా సమానంగా. పట్టీ ఒక మాట, దారం ఒక మాట చెబితే ఫ్రేమో హ్యాండిల్ ఫోర్కో వంకర పోయిందని అర్థం. మావి రెండూ ఒకే మాట చెప్పాయి. అన్నట్టు, ఆర్మ్ మీద చైన్ అడ్జస్టర్ గీతల్ని నమ్మకండి. అవి ఆ బండి హబ్బుకి గీసినవి.

కొత్త ఆర్మ్ ఇరుసు గాడి మా ఇరుసు కన్నా వెడల్పు. ఊరికే వాచర్ వేసి బిగిస్తే చైన్ లాగుడుకి ఇరుసు పైకో కిందకో జరుగుతుంది. గాడిలో కరెక్టుగా కూర్చునే దిమ్మెలు రెండు చేయించి వాటిలో మా ఇరుసు సైజుకి బెజ్జం పెట్టించా.

శాక్ మౌంట్ల దగ్గర చాలా ఆలోచించా. కొత్త ఆర్మ్‌కి మౌంట్లు మా పాత చోటు కన్నా ముందున్నాయి. అలాగే తగిలించెయ్యొచ్చు, తగులుతాయి కూడా. కానీ లెక్క వేరు. సులువు కోసం పివట్ నుంచి ఇరుసు దాకా 45 సెంటీమీటర్లు అనుకుందాం. శాక్ 42 దగ్గర ఉన్నదాన్ని 39కి జరిపామనుకోండి. చక్రం దగ్గర స్ప్రింగు బలం ఆ నిష్పత్తి వర్గంతో మారుతుంది: 42/45 వర్గం 0.87, 39/45 వర్గం 0.75. మూడు సెంటీమీటర్లకి స్ప్రింగు 14 శాతం మెత్తబడింది. శాక్ వాలడం వల్ల పోయేది దీనికి అదనం. వెనక ఒక మనిషి ఎక్కితే టైరు మడ్‌గార్డుకి తగలడానికి ఆ మాత్రం చాలు. అందుకని పాత ఆర్మ్‌లో ఉన్న దూరానికే కొత్త మౌంట్లు పెట్టించా.

ఒంచే బలం ఎక్కువ పడేది మౌంటు దగ్గరేనని పైన చెప్పాను కదా, వెల్డింగ్ పడేదీ సరిగ్గా అక్కడే. బాక్స్ పైపు పై ముఖం మీదా కింది ముఖం మీదా అడ్డంగా వెల్డింగ్ గీత గీస్తే పగులుకి దారి గీసినట్టే. మౌంటు పలకని పైపు పక్క ముఖం మీద పొడుగ్గా, కొసలు సన్నబడేలా కోయించి, వెల్డింగ్ పైపు పొడవు వెంటే నడిపించాం. సీఓటూ వెల్డింగ్, కొంచెం కొంచెంగా, కుడి ఎడమలు మార్చుకుంటూ. వేడికి కాళ్లు దగ్గరకి రాకుండా ఇరుసు, స్పేసర్లు బిగించి ఉంచాం. చల్లారాక మళ్లీ ఇనప పలక మీద పెట్టి కడ్డీలతో కొలిచాం.

ఇంకో ముక్క ఉంది, అది లేకపోతే ప్రాణం మీదకొస్తుంది. వెనక డ్రమ్ము బ్రేకు ప్లేటుని తిరగకుండా పట్టుకునే టార్క్ రాడ్డు. బ్రేకు వేసినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరగాలని చూస్తుంది. ఆ రాడ్డు ఊడితే ప్లేటు గిర్రున తిరిగి బ్రేకు రాడ్డుని చుట్టుకుని చక్రం బిగుసుకుపోతుంది. దాని కొక్కెం ఆర్మ్ మీద వేరే చోట ఉంటే 'తర్వాత చూద్దాం' అనే మాట ఎవరి నోటా రాకూడదు. కుడి కాలికి కొత్త కొక్కెం పెట్టించి, రెండు కొసలా నట్టుకి స్ప్లిట్ పిన్ను వేయించాకే బండి దించనిచ్చా. బ్రేకు రాడ్డుకి మాత్రం ఏ మార్పూ అక్కర్లేదు, ఇరుసు పాత చోటే కాబట్టి.

చైన్‌కీ అంతే, 428 సైజు పాత చైన్ కొలతే సరిపోయింది. మీ ఇరుసు వెనక్కి జరిగితే ఒక లెక్క గుర్తుంచుకోండి: రెండు పిచ్‌లు (రెండు లింకులు) కలిపితే చైన్ 25.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇరుసు జరిగేది అందులో సగం. బాక్స్ ఆర్మ్ లావు వల్ల చైన్ పివట్ దగ్గర పై ముఖానికి రాసుకుంటుంది. అక్కడ నైలాన్ స్లైడర్ తప్పనిసరి. శాక్‌లు విప్పేసి, జాకీ మీద చక్రాన్ని అట్టడుగు నుంచి పై కొస దాకా ఎత్తి చూశాం. ముందు స్ప్రాకెట్, పివట్, ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగువు. చైన్ ఆట (వదులు) అక్కడ చూసి పెట్టుకోవాలి. స్టాండు మీద బాగుందని సంతోషపడితే గుంతలో పడ్డప్పుడు గేర్‌బాక్స్ బేరింగు తిట్టుకుంటుంది.

మొదటి పరుగు బందరు నుంచి మంగినపూడి బీచ్ రోడ్డు మీద. మలుపులో యాక్సిలరేటర్ వదిలా, కావాలనే గట్టిగా. తోక ఊగలేదు. గతుకు మీద వెనక భాగం మునుపటికన్నా ఒకింత బిరుసుగా తగులుతోంది, ఆర్మ్ బరువు పెరిగింది మరి. నాకు అది సమ్మతమే. కొన్నాళ్లు తిరిగాక పివట్ నట్టు, వెల్డింగ్ అంచులు మళ్లీ చూశాం. వెల్డింగ్ పక్కన రంగు మీద వెంట్రుక లాంటి గీత ఏదైనా కనబడితే అది పగులు మొదలు. ఏమీ లేదు.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్చడానికి వీల్లేదంది. అదే ఏడాది సవరణతో 182-ఎ సెక్షన్ వచ్చింది: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి అయిదేళ్లకీ ఆర్‌సీ రెన్యూవల్ ఉంటుంది, బండిని బ్రేకినస్పెక్టరు ముందు పెట్టాల్సిందే. నేను వీల్‌బేస్ 1240 దగ్గరే ఉంచడానికి పట్టుబట్టింది సగం ఇందుకు. అయినా ఇది చట్టం నుంచి తప్పించుకునే చిట్కా అనుకోకండి. పని మొదలెట్టే ముందే మీ ఆర్టీఏ ఆఫీసులో అడగండి. పాత ఆర్మ్‌ని మాత్రం తుక్కుకి వేయొద్దు, తుప్పు పట్టినా సరే. కొలతలకి అదే ఆధారం.

ఖర్చు విషయానికొస్తే, ఆర్మ్ కన్నా లేత్ పనికే ఎక్కువైంది. దానికి బాధ లేదు, డబ్బులు పెట్టాల్సిన చోటు అదే.

మిగిలింది శారీగార్డు. పాతది ఎడమ శాక్‌కీ ఆర్మ్‌కీ కలిపి బిగించి ఉండేది, ఇప్పుడు కింది క్లాంపు బాక్స్ పైపుకి పట్టదు. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో చిక్కకుండా సగం చక్రానికి తక్కువ కాకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. మా అమ్మకి ఆ నియమం నంబరు తెలియదు గానీ, అది లేని బండి ఎక్కనని చెప్పేసింది. చదరపు క్లాంపు చేయించడానికి రేపు మళ్లీ బాబాయ్ దగ్గరికెళ్లాలి.